మైనపు పూత

నగరంలో కారు కొన్నవాడు మొట్టమొదట వెతికేది దానికి కాస్త నీడ. ఇల్లు ఎంత ఇరుకైనా మనుషులు లోపల సర్దుకొని పడుకుంటారు. కారు మాత్రం రాత్రింబవళ్లు వీధిలోనే గడపాలి. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో ఏ ఉదయం నడిచినా ఈ దృశ్యమే కనిపిస్తుంది. ప్రహరీగోడల వెంట, కానుగ చెట్ల కింద, శిక్షణ సంస్థల బోర్డుల పక్కన కార్లు వరుసగా నిలబడి ఉంటాయి. వాటి మీద రాత్రి పేరుకున్న దుమ్ము, చెట్టు కార్చిన జిగురు, పక్షులు వేసిన రెట్టలు స్పష్టంగా కనిపిస్తుంటాయి. ఆ కార్ల యజమానులు నలుగురు కలిసినచోట ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: "ఏ పూత పూయిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది?" ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలోనే నివసిస్తూ, నా కారును కూడా వీధిలోనే నిలుపుకుంటున్నవాణ్ణి కనుక ఈ ప్రశ్న నాకూ ఎదురైంది. చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. కాని కొంచెం తరచి చూస్తే, ఒక వస్తువును కాపాడుకోవడమంటే ఏమిటన్న పెద్ద ప్రశ్న దీనిలో దాగి ఉంది.

ముందుగా మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో 'మదనం' అన్న పదానికి తేనెమైనం అనే అర్థం కూడా ఉంది. ఆ పదమే ప్రాకృతంలో 'మయణం' అయి, తెలుగులో 'మైనం'గా స్థిరపడింది. తేనె పిండగా మిగిలినది కాబట్టి దీనికి 'మధూచ్ఛిష్టం' అని మరొక పేరు. తేనెటీగ తన సంపదను దాచుకోవడానికి కట్టుకునే గూటికి ఇదే ఇటుక, ఇదే గోడ. అంటే మైనానికి పుట్టుకతోనే రక్షించే గుణం ఉంది. వీధిలో మాత్రం మనం దీన్నీ, మెరుగు పెట్టడాన్నీ కలిపి 'పాలిష్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. నిజానికి ఈ రెండు పనులు పరస్పర విరుద్ధమైనవి. మెరుగు పెట్టడమంటే సన్నని రాపిడి పదార్థంతో పైపొరను రవ్వంత అరగదీసి నునుపు చేయడం. మైనం పూయడమంటే ఉన్న పొర మీద మరొక పలుచని పొరను చేర్చడం. మొదటిది తీసివేత, రెండవది కూడిక. ఈ భేదం తెలియనివారు కారు మెరవడం లేదని మాటిమాటికీ మెరుగు పెట్టించి, రక్షణ పేరుతో రక్షకపొరనే అరగదీసుకుంటారు.

ఆ పొర ఎంత పలుచనిదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కారు ఉక్కురేకు మీద తుప్పును అడ్డుకునే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన గట్టి పొర ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. అన్నిటికన్నా పైనున్న పారదర్శక పొర 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక సాధారణంగా అంతకంటే మందంగా ఉంటుంది. దాని మీద మనం పూసే మైనం సుమారు ఒక మైక్రాను, చాలాసార్లు అంతకంటే తక్కువే. ఇంత పలుచని కవచం ఎండావానలకు ఎదురొడ్డాలి. పక్షిరెట్టలోని యూరికామ్లం ఎండవేడికి పైపొరలోకి చొచ్చుకొనిపోయి మచ్చ వేస్తుంది. బోరునీటితో కడిగి ఆరబెట్టకుండా వదిలివేస్తే, నీరు ఆవిరై అందులోని లవణాలు తెల్లని వలయాలుగా మిగిలిపోతాయి. ఆ మచ్చ, ఆ వలయం రంగును తాకకముందే మైనాన్ని తాకాలి. తాను అరిగిపోతూ తన కింది దాన్ని కాపాడటమే మైనం చేసే పని. కాబట్టి అరిగిపోవడం దాని లోపం కాదు. అది దాని ధర్మం.

భర్తృహరి సుభాషితాల్లో నీటిబొట్టును గురించిన ప్రసిద్ధమైన శ్లోకం ఒకటి ఉంది. ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యంగా మలచిన ఆ భావం మీలో చాలామందికి పరిచితమే. కాలిన ఇనుము మీద పడిన నీటిబొట్టు పేరు లేకుండా పోతుంది. తామరాకు మీద పడినది ముత్యంలా మెరుస్తుంది. ముత్యపుచిప్పలో పడినది ముత్యమే అవుతుంది. ఆశ్రయాన్ని బట్టి గుణం మారుతుందని కవి ఉద్దేశం. మే నెల మిట్టమధ్యాహ్నం అమీర్‌పేటలో ఎండకు నిలిపిన కారు బానెట్‌ను చూసినప్పుడల్లా నాకు ఆ మొదటి ఉపమానం గుర్తుకు వస్తుంది. అయితే మన బోరునీటిబొట్టు పూర్తిగా పేరు లేకుండా పోదు. పోతూ పోతూ తెల్లని సంతకం చేసి మరీ పోతుంది! కొత్తగా మైనం పూసిన కారు మీద తొలకరి చినుకులు పడినప్పుడు మాత్రం రెండవ ఉపమానం కళ్లకు కడుతుంది. నీరు గుండ్రని పూసలై, దుమ్మును తనతో కలుపుకొని జారిపోతుంది.

ఈ పోలిక కేవలం కవితాత్మకం కాదు. తామరాకు మీద కంటికి కనిపించని సన్నని బుడిపెలు, వాటి మీద మైనపు స్ఫటికాలు ఉంటాయని వృక్షశాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చూసి తేల్చారు. జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్ట్‌లాట్ పరిశోధనల వల్ల ఈ గుణం ప్రపంచమంతటా 'తామర ప్రభావం' అన్న పేరుతోనే ప్రసిద్ధమైంది. కార్లకు పూసే మైనాల్లో పేరెన్నికగన్న కార్నౌబా కూడా ఆకు నుంచి వచ్చినదే. బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో ఎండకు మాడే నేలల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, తన ఆకుల్లోని తడి ఆరిపోకుండా వాటి మీద ఈ మైనాన్ని కప్పుకుంటుంది. ఆకులను కోసి ఎండబెట్టి, దులిపి ఆ మైనాన్ని సేకరిస్తారు. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, కార్నౌబా 80 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది అరుదు.

అయితే ఆకుకూ, కారుకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. తామరాకు బతికి ఉన్నంత కాలం, అరిగిపోయిన మైనాన్ని తనలో నుంచే తిరిగి స్రవించి నింపుకోగలదు. ఆకు వాడిపోయిన తరువాత ఆ మైనాన్ని నింపేవారు లేరు. కారు రేకుకు ప్రాణం లేదు. తన మైనాన్ని తాను నింపుకోలేదు. దానికి ఆ ప్రాణం యజమాని చేతిలో ఉంది. మన ప్రశ్నకు సమాధానం వెతకవలసినది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది.

పంజాగుట్టలో కార్ల అలంకరణ సామగ్రి అమ్మే ఒక దుకాణానికి ఆ మధ్య వెళ్లాను. అక్కడి యువకుడు ఎంతో మర్యాదగా మూడు రకాల పూతలను వివరించాడు. మొదటిది డబ్బాలో దొరికే మైనం. ఖర్చు వందల్లో ఉంటుంది. మన ఎండలకు కొన్ని వారాలో, రెండు మూడు నెలలో నిలుస్తుంది. రెండవది కృత్రిమ పాలిమర్లతో చేసిన పూత. జాగ్రత్తగా ఉంటే నాలుగైదు నెలలు, ఒక్కోసారి అర్ధ సంవత్సరం. మూడవది సిలికా ప్రధానమైన సిరామిక్ పూత. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

"ఐదేళ్లు హామీ ఇస్తాం సార్. ఒక్కసారి వేయించుకుంటే ఇక మీరు బండి సంగతి మరిచిపోవచ్చు" అన్నాడు.

హామీపత్రం ఒకసారి చూపించమని అడిగాను. దానిలో చిన్న అక్షరాల్లో కొన్ని నియమాలు ఉన్నాయి. పక్షిరెట్టలను వెంటనే తుడవాలి. ఘాటైన సబ్బులు వాడరాదు. ఆరు నెలలకొకసారి బండిని తెచ్చి పరీక్ష చేయించి, అవసరమైనచోట పైపూత వేయించుకోవాలి. లేకపోతే హామీ చెల్లదు. "మరి మరిచిపోవచ్చు అన్నావు కదా, బాబూ?" అని నవ్వుతూ అడిగితే అతడు కూడా నవ్వాడు. "మరిచిపోతే ఏ పూతా నిలవదు సార్. కాకపోతే ఆ మాట చెబితే ఎవరూ కొనరు" అన్నాడు. ఆ యువకుడి నిజాయితీ నాకు నచ్చింది. ఐదేళ్ల రక్షణ అని మనం కొనుక్కొనేది, తరచి చూస్తే, ఆరేసి నెలల శ్రద్ధను పదిసార్లు పేర్చినదే.

చిరకాలం నిలిచే పూత కోసం తపన ఈనాటిది కాదు. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో 'వజ్రలేపం' అనే పూతను ప్రత్యేకంగా వర్ణించాడు. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు, వస మొదలైన వాటిని నీటిలో వేసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, దానిలో గుగ్గిలం, నల్లజీడి, అవిసె, మారేడు వంటి ద్రవ్యాలను కలపాలన్నాడు. ఆ లేపాన్ని వేడిగా ఉండగానే దేవాలయాలకు, భవనాలకు, విగ్రహాలకు, గోడలకు, బావులకు పూయాలన్నాడు. అది వేల వేల సంవత్సరాలు నిలుస్తుందని కూడా సెలవిచ్చాడు. పంజాగుట్ట దుకాణంలోని ఐదేళ్ల హామీ ఈ హామీ ముందు ఏపాటిది?

కాని మన ఆలయ సంప్రదాయం ఇటువంటి మాట మీద భారం వేసి ఊరకుండలేదు. మూలవిరాట్టును పీఠంతో బంధించడానికి లక్క, తేనెమైనం, వెన్న వంటి ఎనిమిది ద్రవ్యాలతో చేసిన 'అష్టబంధనం' వాడతారు. అది కాలక్రమాన ఎండి బీటలు వారుతుందని పెద్దలకు తెలుసు. అందుకే తిరుమలలో పన్నెండేళ్లకొకసారి అష్టబంధన మహాసంప్రోక్షణ జరపడం ఆచారమైంది. 2018 ఆగస్టులో కూడా అది జరిగింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ ఏర్పాటు చేసినవారు బంధనం శాశ్వతమని చెప్పలేదు. అది ఎప్పుడు బలహీనపడుతుందో ముందుగానే అంచనా వేసి, సరిచేయవలసిన గడువును ఆచారంలోనే చేర్చారు. వజ్రలేపం ఆశకు గుర్తయితే, అష్టబంధనం వివేకానికి గుర్తు.

అలాగని ఎక్కువ కాలం నిలవడం ముఖ్యం కాదని నేను అనను. రెండు వానలకే కొట్టుకుపోయే పూత కోసం ఒక ఆదివారమంతా చెమటోడ్చడం వ్యర్థమే. మా సందు చివర ఒక ట్యాక్సీ డ్రైవరు ఉంటాడు. పాలమూరు జిల్లా నుంచి వచ్చి, వాయిదాల మీద కారు కొనుక్కున్నాడు. ఆయనకు కారు అలంకారం కాదు, అన్నం. సిరామిక్ పూత ఎందుకు వేయించలేదని ఒకనాడు మాటల సందర్భంలో అడిగాను.

"బండి రెండు మూడు దినాలు షాపుల పెడితే కిరాయిలు పోతయి సార్. వాయిదా ఆగుతదా?" అన్నాడు. మళ్లీ తనే చెప్పాడు: "ఐదేండ్ల వాయిదాలు అయిపోయేసరికి మా బిడ్డ డిగ్రీకొస్తది. అప్పుడు ఈ బండి అమ్మి ఫీజు కట్టాలె. అప్పటిదాంక దీని రంగు పోవద్దు. అందుకే దినాం చూస్కుంట."

ఆయన చేసే పని చాలా సులువైనది. సీటు పక్కన తడిగుడ్డ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రెట్ట కనబడితే ముందు దాన్ని తడిపి నానబెట్టి, రుద్దకుండా మెత్తగా ఎత్తివేస్తాడు. ఎండిన రెట్టను రుద్దితే దానిలోని ఇసుకరేణువులు గీతలు పెడతాయని ఆయనకు అనుభవం నేర్పింది. ఎండ ఎక్కువగా తగిలే బానెట్‌కూ, పైకప్పుకూ రెండు నెలలకొకసారి చల్లని వేళ డబ్బా మైనం పూస్తాడు. మిగిలిన భాగాలకు అంత తరచుగా అవసరం లేదని వాటిని ఆలస్యంగా చూస్తాడు. పూత ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆయన పరీక్ష ఒక చెంబెడు నీరు. నీరు పూసలు కడితే పూత ఉన్నట్లు. పలుచగా పరుచుకొని నిలిచిపోతే పూతకు నూకలు చెల్లినట్లు.

మా భవనంలోనే మరొక కారు ఉంది. దాని యజమాని ఖరీదైన సిరామిక్ పూత వేయించి, కొడుకు దగ్గరికి విదేశానికి వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయారు. కారు చెట్టు కిందనే ఉంది. తిరిగి వచ్చి చూసుకుంటే పైకప్పు మీద రెట్టల మచ్చలు పొడలు పొడలుగా మిగిలిపోయి, ఎంత కడిగినా వదలలేదు. పూతలో దోషం లేదు. అది తన శక్తిమేరకు పోరాడింది. వారం వారం తుడిచే చేయి ఒకటి ఉంటే దానికి ఆ గతి పట్టేది కాదు. డ్రైవరు కారు పూత రెండు నెలలది, ఈయన కారు పూత ఐదేళ్లది. ఈనాడు రెండూ పక్కపక్కన నిలబడితే, కొత్తగా కనిపించేది డ్రైవరు కారే.

మరి కారు మెరుపు చెడకూడదంటే దాన్ని బయటికి తీయకుండా ఉంచితే సరిపోదా అని కొందరు అనవచ్చు. అటువంటి కారు కూడా మన నగరంలో ఉంది. 1912లో తయారైన నిజాం ప్రభువుల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సింహాసన వాహనం చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంది. అది తన జీవితకాలంలో తిరిగిన దూరం కొన్ని వందల మైళ్లేనని చెబుతారు. ఉత్సవాల కోసం పుట్టిన రాచవాహనానికి ఆ నిశ్చలత్వం శోభిస్తుంది. కాని బిడ్డ చదువును మోయవలసిన ట్యాక్సీకి అది శోభించదు. తిరిగే కారుకు దుమ్ము పట్టక తప్పదు, పూత అరగక తప్పదు. కారును వాడుకోవడానికే మనం దాన్ని రక్షించుకుంటాం. రక్షించుకోవడానికి వాడకం మానుకోము.

అందువల్ల నేను నా వరకు ఒక నియమం పెట్టుకున్నాను. ఏడాదికి రెండుసార్లు కారును శుభ్రంగా కడిగి, నీడలో ఆరబెట్టి, అర్ధ సంవత్సరం నిలిచే పూతను నా చేతులతోనే పూస్తాను. ఒకటి ఉగాదికి ముందు, ఎండలు ముదరకముందే. మరొకటి దసరాకు, నైరుతి వానలు వెనుదిరిగే వేళ. వాహనాలను కడిగి, పసుపు కుంకుమలు అద్ది, పూలదండ వేసి పూజించే ఆచారం దసరాకు మన ఇళ్లల్లో ఉండనే ఉంది. దానికి ఒక గంట ముందు మైనం డబ్బా తెరిస్తే ఆచారమూ, అవసరమూ కలిసివస్తాయి. ఈ రెండు పండుగల మధ్య కాలమంతా నా రక్షణ ఒక బకెట్టు నీరు, ఒక మెత్తని గుడ్డ. పూత ఉన్న కారుకు మురికి గట్టిగా అంటుకోదు కనుక, పైపుతో ధారగా నీరు వదలవలసిన పని లేదు. ప్రతి వేసవిలోనూ నీటి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలనీలున్న నగరంలో ఇది చిన్న మేలు కాదు.

అమీర్‌పేట పేరు వినగానే మీకు కార్లు గుర్తుకు రావు. మైత్రీవనం చుట్టూ ఉన్న కంప్యూటరు శిక్షణ సంస్థలు గుర్తుకు వస్తాయి. ఇరవై ఏళ్లుగా ఆ బోర్డుల కింది నుంచి నడుస్తూ నేను గమనించినది ఒకటి ఉంది. బోర్డుల మీది కోర్సుల పేర్లు ఎప్పటికప్పుడు మారుతూనే ఉన్నాయి. ఒకనాడు జీవితాంతం అన్నం పెడుతుందని నమ్మి నేర్చుకున్న విద్య, కొన్నేళ్లకే పైపూత అరిగి కొత్త పూత కోరింది. నేర్చుకున్నవారిలో ఆ సంగతి గ్రహించి మళ్లీ పుస్తకం పట్టినవారు నిలదొక్కుకున్నారు. ఒక్కసారి చదివాం, ఇక మరిచిపోవచ్చు అనుకున్నవారు వెనుకబడ్డారు. చదువుకు కూడా జీవితకాలపు హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చినా, దాని చిన్న అక్షరాల్లో సాధన అనే నియమం తప్పక ఉంటుంది.

పూత కొనేటప్పుడు అది ఎన్నాళ్లు నిలుస్తుందని అడగండి. అది అడగదగిన ప్రశ్నే. నాసిరకానికి మోసపోకుండా అది మిమ్మల్ని కాపాడుతుంది. అడిగిన తరువాత, దాన్ని మళ్లీ ఏనాడు పరీక్షించి చూడాలో మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఒక చెంబెడు నీరు చాలు. పూత ఉన్నదో లేదో అదే చెబుతుంది.